నవ్వులూ పాటలూ ఒకే అరలో



మా ఇంట్లో రికార్డులూ క్యాసెట్లూ సీడీలూ సర్దుకున్న అలమర ఒకటుంది. దాన్ని చూసినవాళ్ళు, ముఖ్యంగా సంగీతం తెలిసినవాళ్ళు, ముందుగా అడిగేది ఇదేం వరసయ్యా అని. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు పక్కన ఆక్స్‌ఫర్డులో ఒకాయన తాపీమేస్త్రి పాట్లు చెప్పే రికార్డు ఉంటుంది. బేగం అఖ్తర్ గజళ్ళకు ఆనుకుని జానీ లీవర్ క్యాసెట్టు. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మీద నాజర్‌గారి బుర్రకథ. ఈ సర్దుబాటుకు భాష ఆధారం కాదు, కాలమూ కాదు. దగ్గర దగ్గరగా ఏవి వింటానో అవి దగ్గరగా చేరిపోయాయి, అంతే.

మా బంధువుల్లో కచేరీలు విడవకుండా వినే పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఈ అలమర ముందు నిలబడి ఒక మాటన్నారు. “పాటంటే వందసార్లు వింటాం. నవ్వుల రికార్డు ఒకసారి వింటే అయిపోయింది కదా. చివరికేమవుతుందో తెలిసిపోయిన జోకును డబ్బుపెట్టి కొని దాచుకోవడం ఎందుకోయ్?”

న్యాయమైన ప్రశ్నే. ఈ పదిహేను నిమిషాలూ దానికి జవాబనుకోండి.

ఆ తాపీమేస్త్రి కథతోనే మొదలుపెడతాను. చెప్పినాయన పేరు గెరార్డ్ హాఫ్‌నంగ్. బెర్లిన్‌లో పుట్టి, చిన్నప్పుడే లండన్ చేరినవాడు. వృత్తి కార్టూన్లు గీయడం, మోజు ట్యూబా అనే పెద్ద బాకా ఊదడం. 1958 డిసెంబరు 4న ఆక్స్‌ఫర్డ్ యూనియన్ చర్చా సభలో మాట్లాడుతూ ఆయన ఒక ఉత్తరం చదివాడు. బీబీసీ వాళ్ళు రికార్డు చేయబట్టి అది మనకు దక్కింది. ఒక మేస్త్రి యజమానికి సెలవు కోరుతూ రాసిన ఉత్తరం అది. మేడమీద మిగిలిపోయిన ఇటుకలను పీపాలో నింపి, కప్పీ మీదుగా తాడుతో కిందికి దించబోయాడు. కింద తాడు ముడి విప్పేసరికి పీపా తనకన్నా బరువని తెలిసింది. అది కిందికి, ఇతను పైకి. మధ్యలో ఇద్దరూ ఢీ. పైకి వెళ్ళాక తలకు దూలం, వేళ్ళకు కప్పీ. కింద పీపా అడుగు ఊడి ఇటుకలు పోయాయి, ఇప్పుడు ఇతనే బరువు. ఇతను కిందికి, పీపా పైకి. మధ్యలో మళ్ళీ ఢీ. ఇటుకల గుట్ట మీద పడ్డాక, ఆ కంగారులో తాడు వదిలేశాడు. ఇక పీపా ఎక్కడికి వస్తుందో మీకే తెలుసు.

తెలుసు కదా? ఆ సభలో వాళ్ళకూ తెలుసు. రికార్డు జాగ్రత్తగా వినండి. పీపా పడక ముందే సభ నవ్వుతుంది. హాఫ్‌నంగ్ ఒక వాక్యం చదివి ఆగుతాడు. ఆ ఆగడంలోనే రానున్న దెబ్బ వాళ్ళ కళ్ళకు కట్టేస్తుంది. వాళ్ళ నవ్వు తగ్గుముఖం పట్టేవరకూ ఓపికపట్టి, ఏమీ ఎరగని ముసలి గుమాస్తా గొంతుతో తర్వాతి వాక్యం అందుకుంటాడు. అప్పటికి ఆయన వయసు 33, గొంతుకు మాత్రం డెబ్బై ఉంటాయి. పైగా ఆ కథ ఆయన సృష్టి కూడా కాదు, అంతకు ముందు నుంచీ పత్రికల్లో తిరుగుతున్నదే. కల్యాణి రాగం ఎవరు కనిపెట్టారని ఎవరడుగుతారు? ఎవరు ఎలా పాడారన్నదే లెక్క. మరుసటి ఏడు 34 ఏళ్ళకే ఆయన పోయాడు. ఇంగ్లండులో నవ్వు మీద మోజున్నవాళ్ళు ఆ కొద్ది నిమిషాలూ ఇప్పటికీ వింటూనే ఉన్నారు.

మా పెద్దాయన ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. జోకులో కొత్తదనం ఒకసారితో పోతుంది. పోనివ్వండి. అది పోయాక ఏం మిగిలిందన్నదే ఆ కళాకారుడికి అసలు పరీక్ష. కచేరీల్లో తొడ మీద తాళం వేసే అలవాటున్నవాళ్ళకు అనుభవమే: త్యాగరాజ కృతులు చాలావాటిల్లో మాట తాళం మొదటి దెబ్బ మీద పడదు. దెబ్బ పడుతుంది, కాస్త ఖాళీ, అప్పుడు గొంతు లేస్తుంది. అనాగత గ్రహం అంటారు దాన్ని. ఆ కృతి ఎన్నిసార్లు విన్నా ఆ ఖాళీలో మనం ఊపిరి బిగబట్టే కూచుంటాం. వచ్చేదేమిటో తెలియక కాదు, తెలుసు గనకే. మంచి హాస్యగాడు వాడుకునేది ఆ జాగానే.

దాంతోనే ఇల్లు కట్టుకున్నవాడు అమెరికాలో బాబ్ న్యూహార్ట్. షికాగోలో పద్దులు రాసుకునే అకౌంటెంటు. 1960లో హ్యూస్టన్‌లో ఒక హోటలు క్లబ్బులో ఆయన ప్రదర్శన రికార్డు చేశారు. అంతకు ముందు ఆయన క్లబ్బు వేదిక ఎక్కి ఎరగడు. ఆయన పద్ధతేమిటంటే, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఒక్కడే మాట్లాడతాడు. అవతలివాళ్ళ మాట మనకు వినపడదు. అబ్రహాం లింకన్‌కు ప్రచారం చూసే ఏజెంటు, లింకన్ తోనే ఫోనులో మాట్లాడుతూ ఉంటాడు, గడ్డం తీసేయకండి మహానుభావా అన్న ధోరణిలో. లింకన్ ఏమన్నాడో మనమే ఊహించుకోవాలి. నవ్వంతా ఆ వినపడని సగంలోనే. ఆయనకు సహజంగా కొద్దిగా నత్తి ఉండేది. టీవీ నిర్మాత ఒకాయన టైము మిగులుతుందని ఆ తడబాటు తగ్గించమంటే ఒప్పుకోలేదట. ఒప్పుకోకపోవడమే మేలైంది. ఆ రికార్డు అమెరికాలో ఆల్బముల జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. 1961లో ఆ ఏటి ఉత్తమ ఆల్బముగా గ్రామీ కొట్టింది. పోటీలో ఫ్రాంక్ సినాత్రా ఉన్నాడు, నాట్ కింగ్ కోల్ ఉన్నాడు. బ్రామ్స్ కాన్చెర్టో ఉంది. వాటన్నిటినీ దాటి, ఒంటరిగా ఫోనులో మాట్లాడిన అకౌంటెంటుకు ఇచ్చారు. సంగీతం వాళ్ళే ఇచ్చిన తీర్పు కాబట్టి మా పెద్దాయనకు ఇది రెండుసార్లు చదివి వినిపించాను.

ఇక నా అలమరలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన బంధుత్వం సంగతి. దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1890 ప్రాంతం. ఎడిసన్ యంత్రం వచ్చి పదేళ్ళు దాటింది, మైనపు సిలిండర్ల మీద పాటలు ఎక్కిస్తున్నారు. జార్జ్ వాషింగ్టన్ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు, వర్జీనియాలో పుట్టినవాడు, న్యూయార్కు వీధుల్లో ఈలపాటలు పాడి చిల్లర డబ్బులు సంపాదించుకునేవాడు. అతను పాడింది ‘లాఫింగ్ సాంగ్’. చరణం పాడి, పల్లవి దగ్గరికొచ్చేసరికి రాగయుక్తంగా, తాళం తప్పకుండా, పగలబడి నవ్వుతాడు. సాహిత్యం నల్లవాళ్ళను ఎగతాళి చేసేదే. అప్పటి మార్కెట్టు అతని దగ్గర కొనడానికి సిద్ధపడ్డ సరుకు అది. వినేటప్పుడు ఆ ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. కానీ ఆ నవ్వుంది చూశారూ, అది ఎవరూ రాసిచ్చింది కాదు. అప్పట్లో ఒక సిలిండరు నుంచి వేల కాపీలు తీసే ఉపాయం ఇంకా చేతికి రాలేదు. వరసగా కొన్ని యంత్రాలు పెట్టి వాటి ముందు పాడించేవాళ్ళు. అవి నిండగానే కొత్త సిలిండర్లు, మళ్ళీ మొదటి నుంచి. అంటే ఆ మనిషి రోజంతా అదే పాట పాడుతూ, అదే చోట, అంతే గట్టిగా నవ్వుతూ ఉండాలి. నవ్వును వందసార్లు వినగలమా అని మా పెద్దాయన అడిగారు. ఇతను వందసార్లు నవ్వాడు!

ఆ వరుసనే తీసుకుని 1922లో ఇంగ్లండులో చార్లెస్ పెన్‌రోజ్ ‘లాఫింగ్ పోలీస్‌మన్’ పాడాడు. లావుపాటి పోలీసు, వాడి నవ్వు ఆగదు. పాట సముద్రాలు దాటింది. మనదేశంలో ఆ నవ్వు ఏ దారిన తిరిగిందో చెప్పేవాళ్ళు, ఒక హరికథ రికార్డులోకీ ఆ తర్వాత సురభి వారి నాటకంలోకీ వచ్చిందంటారు. చివరికెక్కడ తేలిందో మీ అందరికీ తెలుసు. 1957లో ‘మాయాబజార్’. ‘వివాహ భోజనంబు’. గొంతు మాధవపెద్ది సత్యంగారిది, పొట్ట ఎస్.వి. రంగారావుగారిది. ఇంట్లో ఈ మూడు పాటలూ వెంటవెంటనే పెట్టి చూడండి. మొదటిది గరగరలాడుతుంది, అయినా వరుస చెవికి అందుతుంది. న్యూయార్కు ఫుట్‌పాతు మీది నవ్వు ఘటోత్కచుడి నోట్లోకి ఎలా వచ్చిందో ఏ చరిత్ర పుస్తకం చదవక్కర్లేకుండా బోధపడుతుంది. మాధవపెద్దివారి నవ్వు శ్రుతిలో ఉంటుంది, లయలో ఉంటుంది. దాన్ని జోకంటారా, సంగీతమంటారా? అలమరలో ఏ అరలో పెట్టమంటారు?

నన్నడిగితే, ఈ అరలు విడగొట్టడం మన అలవాటే కాదు. హరికథకుణ్ణి తలచుకోండి. పట్టుపంచె, మెడలో దండ, కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిరతలు. రాత్రంతా ఒక్కడే నిలబడాలి. పాడాలి, ఆడాలి, పద్యం చదవాలి, అర్థం చెప్పాలి. ముందు వరసలో ఎవరికో కునుకు పట్టిందనిపించగానే కథ ఆపి పిట్టకథ ఎత్తుకోవాలి. ఆ పిట్టకథకు రుక్మిణీ కల్యాణంతో సంబంధం ఉండొచ్చు, ఆ ఊరి కరణంగారితో ఉండొచ్చు. స్టాండప్ అనే పేరు లేకపోయినా ఆ మనిషి నిలబడే ఉన్నాడు కదండీ! ఆదిభట్ల నారాయణదాసుగారు విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాలు. అంతటి సంగీత విద్వాంసుడు, బహుభాషా పండితుడు చేపట్టిన కళ అది. ఆ కళాశాలలోనే ఫిడేలు పాఠం చెప్పిన ద్వారంవారు ఆ తర్వాత అదే పదవిలో కూచున్నారు. బుర్రకథలో అయితే నవ్వుకు ఒక మనిషినే కేటాయించారు. నడుమ తంబురాతో కథకుడు, ఒక పక్క గుమ్మెటతో రాజకీయం చెప్పే వంత, రెండో పక్క హాస్యం చెప్పే వంత. నాజర్‌గారు పల్నాటి యుద్ధం చెబుతూ కత్తులు దూయిస్తుంటే, హాస్యగాడు మధ్యలో అడ్డుతగిలి ఆ వేడి మీద చన్నీళ్ళు చల్లుతాడు. అతను లేకపోతే ఆ రౌద్రం రాత్రంతా ఎవరు భరిస్తారు?

మరి పాటా నవ్వూ విడిపోయిందెక్కడ? గ్రామఫోను పళ్ళెం దగ్గరేనని నా అనుమానం. 1902లో గ్రామఫోను కంపెనీవాళ్ళు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట ఎక్కించుకున్నప్పటి నుంచి దాదాపు అర్ధ శతాబ్దం పాటు, ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. మూడు నిమిషాల్లో హరికథ దాసు ఏం చెబుతాడు? కీర్తన ఉంచాలి, పద్యం ఉంచాలి. ముందుగా తెగిపడేది పిట్టకథే. ఆ రికార్డులు విన్న తర్వాతి తరాలకు హరికథంటే వరసగా పాటలేనన్న భ్రమ కలిగితే తప్పు వాళ్ళది కాదు.

1948లో ఎల్పీ వచ్చింది. పక్కకు ఇరవై నిమిషాలు పైమాట. ఆగి, చూసి, నవ్వించడానికి చోటు దొరికింది. న్యూహార్ట్ లాంటివాళ్ళు దాని బిడ్డలే. వాళ్ళలో ఒకడైన జార్జ్ కార్లిన్ వల్ల నా వంటి రేడియో వక్తలకు ఒక పాఠం కూడా దొరికింది. ప్రసారంలో పలకకూడని మాటల మీద ఆయన చేసిన రికార్డును 1973లో న్యూయార్కు డబ్ల్యూబీఏఐ స్టేషను పట్టపగలు వేసింది. ఒక తండ్రి ఫిర్యాదు చేశాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1978లో అయిదుగురు ఒక పక్క, నలుగురు ఒక పక్క నిలిచి, కార్లిన్ మాటలను పగటిపూట ప్రసారం చేయనివ్వకుండా కట్టడి చేసే అధికారం ప్రభుత్వ సంస్థకు ఉందన్నారు. ఆ మాటలేవో వినాలని ఉన్నవాళ్ళు రికార్డు కొనుక్కోవాలి. ఈ స్టేషనులో నాకు మళ్ళీ పిలుపు రావాలని కోరిక.

మనకు ఆ చోటు ఇచ్చింది క్యాసెట్టు. అది చవక, అరగంటకొక పక్క, స్టూడియో అవసరమే లేదు. నిజానికి అంతకు ముందే మన జనం మాటను పాటలా వినడం మొదలుపెట్టేశారు. 1977లో ‘దానవీరశూరకర్ణ’ వచ్చాక కొండవీటి వెంకటకవిగారి సంభాషణలను గుళ్ళలో, పందిళ్ళలో, పెళ్ళివారి మైకుల్లో పాటల వరసనే వేసేవారు. సైకిలు తొక్కుతూ ఆ సమాసాలను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన కుర్రాళ్ళకు అందులో సగం మాటల అర్థం తెలియదు. లయ తెలుసు.

ఆర్కెస్ట్రాల కాలంలో రెండు పాటల మధ్య మిమిక్రీ ఐటం తప్పనిసరి. వాద్యాలవాళ్ళు చెమట తుడుచుకోవాలి, గాయని మంచినీళ్ళు తాగాలి, ఈలోగా ఒకడు మైకు ముందు నిలబడి నాలుగు గొంతులు పలికించాలి. ఆ ఖాళీలోంచే ఒక మహానటుడు పుట్టాడు. ప్రకాశం జిల్లా మూలాలున్న తెలుగు కుటుంబం, ఇంటిపేరు జనుమల. బొంబాయి ధారవిలో పెరిగి, వీధుల్లో సినిమా నటులను అనుకరిస్తూ పెన్నులు అమ్మి, తండ్రి పనిచేసే హిందుస్తాన్ లీవర్ ఫ్యాక్టరీలో తనూ చేరాడు. కంపెనీ వేడుకలో ఆఫీసర్ల గొంతులు వాళ్ళ ఎదుటే పలికించేసరికి తోటి కార్మికులు పెట్టిన పేరు జానీ లీవర్. సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీ తమ పాటల కచేరీలకు వెంట తిప్పుకున్నారు. ‘హసీ కే హంగామే’ అనే ఆయన క్యాసెట్టు ఆ రోజుల్లో ఊరూరా మోగింది. చూడకుండా ఒట్టి చెవులతో విన్నా ఆ మనిషి ముఖం కనిపిస్తుంది. అంత వేగంలోనూ ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు. పాటల మధ్య పెరిగినవాడు కదా.

వరంగల్లు నేరెళ్ళ వేణుమాధవ్‌గారిది ఇంకొక ఎత్తు. 1971లో ఐక్యరాజ్య సమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన చేసిన అనుకరణల్లో నవ్వుకన్నా ముందు ఆశ్చర్యం వస్తుంది. ఇంగ్లీషు సినిమాలో మాటలతో బాటు వెనకాల వాద్యాలు, గుర్రాల డెక్కలు, అన్నీ ఒక్క గొంతులోంచే.

రెండో వైపు నుంచి కూడా చూడాలి. ఒట్టి సంగీతమనుకున్న రికార్డుల్లోనూ నవ్వు దాక్కుని ఉంటుంది. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం జరిగిన కచేరీ రికార్డు నా దగ్గరుంది. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లారఖా వాద్యాలు శ్రుతి చేసుకున్నారు. అది పూర్తవగానే జనం చప్పట్లతో హోరెత్తించారు. శ్రుతి చేసుకోవడమే మీకింత నచ్చితే ఇక వాయించేది ఇంకా నచ్చుతుందనుకుంటాను అన్న అర్థంలో రవిశంకర్ మర్యాదగా ఒక మాట విసిరారు. గొంతులో వెటకారపు ఛాయ లేదు, కోపం లేదు. ఎన్ని జోకుల రికార్డులు వెతికినా అంత పొదుపైన దెబ్బ నాకు కనిపించలేదు. డెన్మార్కు నుంచి హిట్లర్ బారిన పడకుండా అమెరికా చేరిన పియానో విద్వాంసుడు విక్టర్ బోర్గే అయితే ఈ రెంటినీ కలిపే బతికాడు. 1953లో మొదలెట్టి, బ్రాడ్‌వేలో ఒక్కడే 849 ప్రదర్శనలిచ్చాడు. కామాకు ఒక చప్పుడు, ఫుల్‌స్టాపుకు ఒక చప్పుడు నోటితో చేస్తూ కథ చదువుతాడు. పియానో ముందు కూచుని వాయించకపోవడం ఎంత కష్టమో ఆయన్ని విన్నాకే తెలిసింది నాకు.

ఇప్పుడు హైదరాబాదు కెఫేల్లో ఓపెన్ మైకులు నడుస్తున్నాయి. పిల్లలు అయిదేసి నిమిషాలు తెలుగూ హిందీ ఇంగ్లీషూ కలిపి దంచుతున్నారు. మా మనవరాలు తీసుకెళ్తే వెళ్ళాను. కొందరు బాగానే ఉన్నారు, ముఖ్యంగా ఒక అమ్మాయి. కానీ అదే ముక్క మర్నాడు ఫోనులో రీలుగా వస్తుంది. అర నిమిషం, కింద అక్షరాలు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ మొత్తం కత్తిరించి. గ్రామఫోను పళ్ళెం మూడు నిమిషాలన్నా ఇచ్చింది, ఇది అదీ ఇవ్వదు. హాలులో అదే అమ్మాయి ఆగినచోట నేను పడి నవ్వాను. రీలులో ఆ ఆగడమే లేదు. ఆమె పాపం వాగుతున్నట్టుంది.

కాబట్టి ఓపికుంటే మీ అటకల మీద ఒకసారి చూడండి. ఊళ్ళో తిరునాళ్ళకు ఎవరో టేపు చేసిన హరికథో, ఆర్కెస్ట్రాలో మిమిక్రీయో దొరకొచ్చు. ఏళ్ళ తరబడి కదలని క్యాసెట్టును తీయగానే ప్లే నొక్కకండి. ముందు ఒకసారి చివరికంటా చుట్టి, మళ్ళీ వెనక్కి చుట్టండి. పైనున్న చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేస్తే పొరపాటున దాని మీద రికార్డు కాదు. పాత 78 రికార్డుకు ఎల్పీ ముల్లు వాడకండి, దాని గాడి వెడల్పు, ఈ ముల్లు అడుగున ఈడ్చుకుపోయి చప్పుడే మిగులుతుంది. స్పిరిట్‌తో అసలే తుడవకండి, అది లక్కతో చేసిన పళ్ళెం, కరిగిపోతుంది. ఇక కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు పాట అవగానే ఆపేసి, తర్వాతి పాటకు మళ్ళీ మొదలుపెట్టే అలవాటు చాలామందికుంది. ఆ పని చేయకండి. దాసుగారు గొంతు సవరించుకుని, మంచినీళ్ళు తాగి, పిట్టకథ ఎత్తుకునేది సరిగ్గా అక్కడే.